రేసు పెరుగుతుంది, బండి లాగదు

తిరుమల రెండో ఘాట్ రోడ్డు ఎక్కుతున్నప్పుడో, హైవే మీద ముందున్న లారీని దాటబోతున్నప్పుడో ఈ జబ్బు మొదటిసారి బయటపడుతుంది. ఎక్స్‌లేటర్ తొక్కితే ఇంజిన్ హోరెత్తుతుంది. ఆర్పీఎం ముల్లు 2,000 నుంచి 4,000కు ఎగబాకుతుంది. పక్కనున్న స్పీడోమీటరు ముల్లు మాత్రం 40 దగ్గరే ఆగిపోతుంది. రెండు మూడు సెకన్ల తర్వాత ఒక్క కుదుపుతో బండి ముందుకు దూకుతుంది. ఆటోమేటిక్ కారు ‘గేరు స్లిప్పవుతోంది’ అని మెకానిక్కులు చెప్పేది దీన్నే.

షెడ్డుకు తీసుకెళ్తే చాలాచోట్ల మొదట వినిపించే మాట, ‘‘గేర్ బాక్స్ పోయింది సార్.’’ అది నిజమయ్యే సందర్భాలూ ఉన్నాయి. కానీ ఆయిల్ చూడకుండా, స్కానర్ పెట్టకుండా, బండిని ఓ కిలోమీటరు నడిపి చూడకుండా ఆ మాట అన్నవాళ్లని నమ్మక్కర్లేదు. అర లీటరు ఆయిల్ కారిపోయినా, ఒక సెన్సరు తప్పుడు లెక్క చెప్పినా, లోపల క్లచ్ ప్లేట్లు మాడిపోయినా డ్రైవర్ సీట్లో కూర్చున్న మనిషికి మూడూ ఒకేలా తెలుస్తాయి. బిల్లు దగ్గరే తేడా. మొదటిది వందల్లో, రెండోది వేలల్లో, మూడోది లక్ష దాటినా ఆశ్చర్యం లేదు.

మాన్యువల్ కారులో ఎడమ కాలు చేసే పనిని ఆటోమేటిక్‌లో ఆయిల్ చేస్తుంది. ఇంజిన్‌కీ గేర్ బాక్స్‌కీ మధ్య టార్క్ కన్వర్టర్ అనే గుండ్రటి డబ్బా ఉంటుంది. ఇంజిన్‌తో పాటు తిరిగే రెక్కలు అందులోని ఆయిల్‌ని విసురుతాయి. ఆ ఊపుకు ఎదురుగా ఉన్న రెక్కలు తిరిగి, గేర్ బాక్స్‌ని తిప్పుతాయి. జర్మన్ ఇంజినీరు హెర్మన్ ఫ్యోటింగర్ 1905లో ఈ సూత్రానికి పేటెంట్ తీసుకున్నప్పుడు ఆయన మనసులో ఉన్నవి కార్లు కావు, ఓడలు. జనరల్ మోటార్స్ 1939లో ‘హైడ్రామాటిక్’ పేరుతో పూర్తి ఆటోమేటిక్ గేర్ బాక్స్‌ని 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలో పెట్టింది. అప్పట్లో దానికి అదనంగా పుచ్చుకున్నది 57 డాలర్లు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా తేలికపాటి ట్యాంకుల్లోకి కూడా అదే గేర్ బాక్స్ ఎక్కింది.

కన్వర్టర్ వెనక పళ్ల చక్రాల సెట్లు ఉంటాయి. వాటిని ఆపడానికి, కలిపి తిప్పడానికి పలచటి క్లచ్ ప్లేట్ల కట్టలు ఉంటాయి. ఒక్కో కట్టను ఆయిల్ ప్రెషరే నొక్కిపట్టి ఉంచుతుంది. గేరు మారడమంటే ఒక కట్టను వదిలి, అదే క్షణంలో ఇంకో కట్టను బిగించడం. ఆ నొక్కుడు చాలకపోతే ప్లేట్లు ఒకదానిమీద ఒకటి జారతాయి. నీళ్లు తోడేటప్పుడు చేద తాడు పిడికిలిలోంచి జారితే అరచెయ్యి మండుతుంది, మండిన చెయ్యి మళ్లీ గట్టిగా పట్టలేదు. ఇక్కడా అదే వరస. జారితే వేడి, వేడికి ప్లేట్ల మీది పూత మాడుతుంది, మాడిన ప్లేటు ఇంకా జారుతుంది. ‘ఎప్పుడైనా ఒకసారే కదా’ అని నెలల తరబడి నడిపితే ఆయిల్ మార్పుతో పోయేది గేర్ బాక్స్ విప్పేదాకా వస్తుంది.

ఈ ఆయిల్ మామూలు గేర్ ఆయిల్ కాదు. ఏటీఎఫ్ అనే ఈ ద్రవం చక్రాలకు జారుడునివ్వాలి, క్లచ్ ప్లేట్లకు పట్టునివ్వాలి. ఒకదానికొకటి విరుద్ధమైన ఈ రెండు పనుల్నీ సర్దడానికి కంపెనీలు దానిలో రకరకాల రసాయనాలు కలుపుతాయి. 1970ల ఆరంభం వరకు అమెరికాలో ఇందుకు వాడిన ముఖ్యమైన పదార్థం స్పెర్మ్ తిమింగలం నూనె. తిమింగలాల రక్షణకు చట్టాలు వచ్చాక కంపెనీలు ప్రత్యామ్నాయాల కోసం పరుగులు తీయాల్సి వచ్చింది. అందువల్ల ‘ఎర్రగా ఉంది కదా, ఏదైనా ఒకటే’ అని షాపులో దొరికిన డబ్బా పోయించడం కన్నా పెద్ద పొరపాటు ఇంకోటి లేదు. ఏ గ్రేడు పొయ్యాలో ఓనర్స్ మాన్యువల్‌లో ఉంటుంది. అది తప్ప ఇంకోటి పనికిరాదు.

ఇంతవరకు చెప్పింది టార్క్ కన్వర్టర్ ఉన్న సంప్రదాయ ఆటోమేటిక్ గురించి. మన రోడ్ల మీద తిరిగే ఆటోమేటిక్‌లన్నీ ఆ జాతివి కావు. కారు షెడ్డుకు చేరగానే, ఇది ఏ రకం అన్న ప్రశ్నే ముందు వేసుకోవాలి.

2014 ఆటో ఎక్స్‌పోలో మారుతి సుజుకి సెలేరియోతో మనదేశంలో జనంలోకి వచ్చింది ఏఎంటీ. అసలు చూస్తే అది మాన్యువల్ గేర్ బాక్సే. క్లచ్ తొక్కడం, గేరు వెయ్యడం అనే పనుల్ని మనిషికి బదులు ఓ యంత్రాంగం చేస్తుంది. ఇందులో స్లిప్ అంటే నూటికి తొంభై పాళ్లు క్లచ్ ప్లేటు అరిగిందనే అర్థం. మాన్యువల్ కారుకు వేసినట్టే కొత్త క్లచ్ సెట్ వేస్తే సరిపోతుంది. ఒక మెలిక ఉంది. కొత్త ప్లేటు ఎక్కడ పట్టుకుంటుందో కంప్యూటర్‌కు స్కానర్‌తో మళ్లీ నేర్పించాలి. ఆ పని ఎగ్గొట్టిన షెడ్డు నుంచి బండి కుదుపులతోనే బయటికొస్తుంది. ఏఎంటీ బండికి ‘ఆటోమేటిక్ గేర్ బాక్స్ ఓవర్‌హాల్’ అని కొటేషన్ ఇచ్చేవాళ్ల దగ్గర ఇంకో మాట మాట్లాడకుండా లేచి రావచ్చు.

సీవీటీలో విడివిడి గేర్లే ఉండవు. రెండు పుల్లీలు, మధ్యలో ఒక బెల్టు. నెదర్లాండ్స్‌లో హ్యూబ్ వాన్ డోర్న్ 1958లో డాఫ్ కారుకు రబ్బరు బెల్టులతో దీన్ని అమర్చాడు. ఆ కారు వెనక్కి కూడా ముందుకు వెళ్లినంత వేగంగా వెళ్లగలిగేది. దాంతో డచ్చివాళ్లు రివర్సు రేసులే పెట్టుకున్నారు. ఇప్పటి బెల్టులు ఉక్కువి. సీవీటీ ఉన్న బండి ఎక్కువ రేసు చేసి తక్కువ పరిగెత్తడం కొంతవరకు దాని స్వభావమే. కొత్తగా కొన్నవాళ్లు దాన్ని జబ్బనుకుని కంగారుపడతారు. తొక్కిన కొద్దీ వేగం నిదానంగానైనా పెరుగుతూ ఉంటే భయం లేదు. మోత ఉన్నట్టుండి పెరిగి పడిపోతుంటే, సన్నగా ఈల వినిపిస్తుంటే బెల్టు జారుతోందని లెక్క. జారిన బెల్టు పుల్లీ ముఖం మీద గీతలు పెడుతుంది. ఆ తర్వాత ఆయిల్ మార్చి ప్రయోజనం లేదు.

నాలుగోది డీసీటీ. సరి గేర్లకు ఒక క్లచ్, బేసి గేర్లకు ఒకటి. గేరు మారినట్టే తెలియనంత చురుకు. కానీ వీటిలో ఆయిల్‌లో మునగని ‘డ్రై క్లచ్’ రకం నత్తనడక ట్రాఫిక్‌ని తట్టుకోలేదు. అమీర్‌పేట చౌరస్తాలో సాయంత్రం ఆరింటికి అడుగు కదలడం, ఆగడం, మళ్లీ అడుగు కదలడం దానికి బద్ధశత్రువు. ఫోక్స్‌వ్యాగన్ 2013లో ప్రపంచవ్యాప్తంగా 16 లక్షల కార్లను వెనక్కి పిలిచి డీఎస్‌జీ అనే తన ఏడు గేర్ల డీసీటీలో సింథటిక్ ఆయిల్ తీసేసి మినరల్ ఆయిల్ పోసింది. వేడి, తేమ ఉన్న చోట్ల ఆగి ఆగి నడిచే ట్రాఫిక్‌లో ఆ ఆయిల్ వల్ల లోపలి కరెంటు సరఫరా దెబ్బతినొచ్చని కంపెనీయే చెప్పింది.

ఇక పరీక్ష. మొదట చూడాల్సింది ఆయిల్, అందులోనూ మొదట మట్టం. కొన్ని బళ్లలో డిప్‌స్టిక్ ఉంటుంది. ఇంజిన్ వేడెక్కాక, చాలా బళ్లలో ఇంజిన్ ఆన్‌లో ఉండగానే, కొన్నింటిలో ఆపేశాక చూడాలి. మాన్యువల్ ఏది చెబితే అది. కొత్త బళ్లలో డిప్‌స్టిక్ తీసేశారు. బండిని లిఫ్టు మీద సమానంగా ఎత్తి, ఆయిల్ నిర్ణీత వేడికి వచ్చాక అడుగున ఉన్న మట్టం బోల్టు విప్పాలి. సన్నటి ధారగా కొద్దిగా కారి ఆగితే సరిగ్గా ఉన్నట్టు. చల్లగా ఉన్నప్పుడు విప్పి ‘ఫుల్లుగా ఉంది’ అని చెప్పే మెకానిక్ మాటకు విలువ లేదు, వేడికి ఏటీఎఫ్ వ్యాకోచిస్తుంది కాబట్టి.

తర్వాత ఒక తెల్ల టిష్యూ కాగితం మీద ఒక చుక్క వెయ్యాలి. చాలా కంపెనీల కొత్త ఆయిల్ దానిమ్మ రంగులో ఉంటుంది, కాగితం మీద చుట్టూ సమానంగా పాకుతుంది. గోధుమ రంగుకు తిరిగితే పాతబడింది. నల్లగా ఉండి, చుక్క మధ్యలోనే మసి పేరుకుని, ముక్కు దగ్గర పెడితే మాడు వాసన కొడితే ప్లేట్లు కాలుతున్నాయి. అడుగు పళ్లెం విప్పినప్పుడు అందులోని అయస్కాంతం అసలు కథ చెబుతుంది. దానికి వేలితో తుడిస్తే పోయే బూడిదరంగు ముద్ద అంటుకోవడం మామూలే, అది సహజమైన అరుగుదల. గోటికి తగిలే ఇనుప రజను, పెచ్చులు కనిపిస్తేనే గేర్ బాక్స్ విప్పే మాట మాట్లాడాలి. కారు యజమాని పక్కన నిలబడి చూడదగ్గ దృశ్యం ఇదొక్కటే. మంచి మెకానిక్ అడక్కుండానే చూపిస్తాడు.

ఆయిల్ గులాబీ రంగులో పాల మాదిరి చిక్కబడితే అందులో నీళ్లో కూలెంటో కలిసిందని అర్థం. 2005 తర్వాత అమెరికాలో అమ్మిన నిస్సాన్ ఫ్రాంటియర్, పాత్‌ఫైండర్, ఎక్స్‌టెర్రా బళ్లలో కొన్నింటికి రేడియేటర్ లోపలే ఉన్న ఆయిల్ కూలర్ పగిలి రెండు ద్రవాలూ కలిసిపోయాయి. అక్కడి మెకానిక్కులు దానికి పెట్టిన ముద్దుపేరు ‘స్ట్రాబెర్రీ మిల్క్‌షేక్’. మనదగ్గర అదే మిల్క్‌షేక్ వరదల తర్వాత కనిపిస్తుంది. 2020 అక్టోబరులో హైదరాబాద్ మునిగినప్పుడు, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ నీళ్లలో ఉన్నప్పుడు వేల బళ్లు సీట్ల దాకా మునిగాయి. గేర్ బాక్స్‌కు పైన గాలి ఆడటానికి చిన్న బ్రీతర్ రంధ్రం ఉంటుంది. నీళ్లు దాంట్లోంచి దిగుతాయి. క్లచ్ ప్లేట్ల మీది పూత కాగితపు పీచుతో చేసి జిగురుతో అంటించింది, నీళ్లు తగిలితే ఊడుతుంది. నీళ్లలో నానిన ఆటోమేటిక్ కారును ‘స్టార్టవుతుందేమో చూద్దాం’ అని తాళం తిప్పకూడదు. సెకండ్ హ్యాండ్ మార్కెట్లో కొనేవాళ్లు కూడా టిష్యూ పరీక్ష చేయించకుండా అడ్వాన్సు ఇవ్వకపోవడం మంచిది.

‘ఇది లైఫ్‌టైమ్ ఆయిల్, మార్చక్కర్లేదు’ అని షోరూముల్లో చెప్పే మాట ఉంది. ఎవరి లైఫ్‌టైమ్ అన్నది అడగాలి. ఎన్నో ఖరీదైన కార్లకు గేర్ బాక్సులు చేసిచ్చే జర్మన్ కంపెనీ జెడ్‌ఎఫ్, తన ఆయిల్‌ని వాడకాన్ని బట్టి 80 వేల నుంచి లక్షా 20 వేల కిలోమీటర్ల మధ్య మార్చుకోమనే చెబుతుంది. మన ఎండలకు, మన ట్రాఫిక్‌కు అంతకన్నా ముందే మార్చినా తప్పులేదు.

ఆయిల్ బాగుంటే రెండో మెట్టు స్కానర్. స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ పోర్టుకు తగిలిస్తే గేర్ బాక్స్ కంప్యూటర్ తన ఫిర్యాదు చెబుతుంది. పీ0700 వస్తే ఏదో తేడా ఉందన్న సాధారణ హెచ్చరిక. పీ0730 వస్తే అడిగిన గేరుకూ తిరుగుతున్న నిష్పత్తికీ పొంతన కుదరలేదని. పీ0741 టార్క్ కన్వర్టర్ లోపలి లాకప్ క్లచ్ పట్టడం లేదని. పీ0715 ఇన్‌పుట్ షాఫ్టు వేగం కొలిచే సెన్సరు మీద అనుమానం. కోడు వచ్చిందని ఆ భాగం కొనెయ్యడం కూడా తొందరే. అసలు రుజువు బండి నడుస్తుండగా స్కానర్ తెరమీద కనిపించే అంకెల్లో ఉంటుంది. షాఫ్టుల వేగాలు లెక్కకు సరిపోతున్నా బండి కుదుపుతుంటే జబ్బు బహుశా గేర్ బాక్స్‌లో లేదు. ప్లగ్గులు, కాయిల్స్, ఇంజిన్ మౌంటింగులు చూడాలి. ఇంజిన్ మిస్‌ఫైర్‌ని గేరు స్లిప్ అనుకుని గేర్ బాక్స్ దింపిన షెడ్లకు కొదవ లేదు.

అసలు డిటెక్టివ్ పని ఎప్పుడు జారుతోందో గమనించడంలో ఉంది. అది మెకానిక్ కన్నా రోజూ నడిపేవాళ్లే బాగా చెయ్యగలరు. పొద్దున చల్లటి ఇంజిన్‌తో డీలో పెడితే బండి కాసేపాగి కదులుతోందంటే లోపలి రబ్బరు సీళ్లు గట్టిపడ్డాయేమో. పొద్దున బాగుండి, అరగంట ట్రాఫిక్ తర్వాతే జారుతోందంటే వేడికి పలచబడ్డ ఆయిల్ ప్రెషర్ నిలబెట్టలేకపోతోంది. మలుపుల్లో, ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రమే అయితే మట్టం తగ్గి పంపు గాలి పీలుస్తోంది, ఇది అన్నింటికన్నా చవకైన జబ్బు. ఒక్క మూడో గేరులోనే జారుతుంటే ఆ గేరు కట్టదో, దానికి ఆయిల్ వదిలే సోలినాయిడ్‌దో తప్పు. అన్ని గేర్లలోనూ, రివర్సులో కూడా అయితే పంపు, ఫిల్టరు, కన్వర్టర్ వైపు చూడాలి. ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకెళ్తే షెడ్డులో మాట మారుతుంది.

చవకలో తేలిన పెద్ద కేసు ఒకటుంది. 2015 నుంచి జనరల్ మోటార్స్ కొన్ని బళ్లకు పెట్టిన ఎనిమిది గేర్ల ఆటోమేటిక్‌లో మధ్య వేగాల దగ్గర రంబుల్ స్ట్రిప్స్ మీద వెళ్తున్నట్టు వణుకు వచ్చేది. కన్వర్టర్లు మార్చి చూశారు. చివరికి తేలిందేమిటంటే ఆ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటోంది. 2019లో కంపెనీ వేరే రకం ఆయిల్ నిర్ణయించి, పాతదంతా కడిగేసి అది పొయ్యమని డీలర్లకు చెప్పింది.

అన్ని కేసులూ అంత సాఫీగా తేలవు. అమెరికాలో చదువుకోడానికి దిగిన మన పిల్లలు మొదట కొనుక్కునేది ఎక్కువగా పాత హోండానో టొయోటానో. ఆ హోండా కూడా 2004లో దాదాపు 11 లక్షల బళ్లను వెనక్కి పిలిచింది. రెండో గేరుకు ఆయిల్ సరిగ్గా చేరక వేడెక్కి పళ్లు విరగొచ్చని భయం. 15 వేల మైళ్లు దాటిన బళ్లలో డీలర్ ఆ గేరు రంగు మారిందేమో చూసి, మారితే గేర్ బాక్స్ మార్చాలి, లేకపోతే ఆయిల్ చిమ్మే చిన్న అమరిక బిగించాలి.

ఫోర్డు ‘పవర్‌షిఫ్ట్’ వ్యవహారం ఇంకా చేదు. ఆరు గేర్ల డ్రై క్లచ్ డీసీటీ అది. మనదగ్గర ఫియెస్టా, ఎకోస్పోర్ట్‌లలోనూ వచ్చింది. ఆస్ట్రేలియాలో అమ్మిన సుమారు 70 వేల బళ్లలో సగానికి ఏదో ఒక ఫిర్యాదు వచ్చింది. వణుకుతోందని వచ్చిన కొనుగోలుదారులకు చాలాసార్లు దొరికిన జవాబు, మీరు నడిపే తీరు వల్లే అని. బండిలో లోపం ఉన్న సంగతి కంపెనీకి అప్పటికే తెలుసు. 2018 ఏప్రిల్‌లో అక్కడి ఫెడరల్ కోర్టు కోటి ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది. మన సర్వీస్ సెంటర్లలో కూడా ‘డ్రైవింగ్ స్టైల్’ అన్న మాట వినిపిస్తే, ఆ మాటే జాబ్ కార్డు మీద రాసివ్వమని అడగడం ఉత్తమం.

అలాగని నడిపే తీరు అసలు లెక్కలోకి రాదనీ కాదు. ఎత్తు మీద బ్రేకు తొక్కకుండా ఎక్స్‌లేటర్‌తో బండిని నిలబెట్టడం ఏఎంటీ, డీసీటీ క్లచ్‌లను నిమిషాల్లో కాలుస్తుంది. బండి పూర్తిగా ఆగకముందే రివర్సులోంచి డీలోకి లాగడం కూడా అంతే. చెడిపోయి ఆగిన ఆటోమేటిక్‌ని తాడు కట్టి లాక్కుపోవడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు. ఇంజిన్ ఆగితే ఆయిల్ పంపు ఆగుతుంది, చక్రాలు మాత్రం లోపలి భాగాల్ని ఎండుగా తిప్పుతుంటాయి. ఫ్లాట్‌బెడ్ లారీ పిలిపించాలి.

ఇదంతా నడుస్తున్న బండి సంగతి. గేరు జారడంలో అన్నిటికన్నా ప్రమాదకరమైంది ఆగి ఉన్న బండిది. 1970లలో అమెరికాలో ఫోర్డు కార్లు పార్కు చేసి వదిలితే వాటంతటవే రివర్సులోకి జారి వెనక్కి పోతున్నాయని ఫిర్యాదులు వచ్చాయి. లీవరు పీలో పడ్డట్టే ఉండి నిజానికి పీకీ ఆర్‌కీ మధ్య అంచు మీద నిలుస్తుంది. తలుపు ధడాలున వేస్తే, లేదా ఇంజిన్ అదురుకు, ఆర్‌లోకి జారుతుంది. కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1980 డిసెంబరులో ప్రభుత్వంతో కుదిరిన ఒప్పందం ప్రకారం ఫోర్డు బళ్లను వెనక్కి పిలవలేదు. సుమారు 2 కోట్ల 30 లక్షల బళ్ల యజమానులకు డాష్‌బోర్డు మీద అంటించుకొమ్మని హెచ్చరిక స్టిక్కర్లు పంపింది.

2022లో అదే కంపెనీ 29 లక్షల బళ్లను వెనక్కి పిలిచింది. ఈసారి తప్పు లీవరునూ గేర్ బాక్స్‌నూ కలిపే కేబుల్ చివర ఉండే చిన్న ప్లాస్టిక్ బుష్‌ది. వేడికి, తేమకు అది పెళుసెక్కి ఊడుతుంది. లీవరు పీ చూపిస్తుంది, గేర్ బాక్స్ ఇంకెక్కడో ఉంటుంది. లీవరు మునుపటికన్నా వదులుగా ఊగుతుంటే, చూపించే అక్షరానికీ పట్టే గేరుకీ తేడా అనిపిస్తే మెకానిక్‌ని ముందు చూడమనాల్సింది ఈ బుష్‌నే. మార్చడం అరగంట పని.

పీలో పెట్టినప్పుడు కారు బరువునంతా మోసేది గేర్ బాక్స్ లోపలి ఒక చిన్న ఇనుప కొక్కెం. మనవాళ్లలో చాలామంది ఆటోమేటిక్ కొన్నాక హ్యాండ్‌బ్రేకు సంగతే మర్చిపోతారు. వాలు మీద ఆపేటప్పుడు ముందు ఫుట్‌బ్రేకు తొక్కి పట్టి ఎన్‌లో పెట్టాలి. తర్వాత హ్యాండ్‌బ్రేకు లాగి, కాలు మెల్లగా వదిలి బండి బరువు దానిమీద కూర్చునేలా చూసి, మళ్లీ ఫుట్‌బ్రేకు తొక్కి, ఆఖరున పీలో వెయ్యాలి. మర్నాడు లీవరు తీసేటప్పుడు ‘ఠక్’మని చప్పుడు రాకపోతే బరువు కొక్కెం మీద పడలేదన్నమాట.